పాత తెర మీద నెమలి

నా బీరువాలో ఒక నారాయణపేట చీర ఉంది. ముదురు ఆకుపచ్చ నూలు, మెరూన్ పట్టు అంచు. అంచు పొడవునా బాతులు. నాకు తెలిసి నారాయణపేటలో బాతుల అంచు నేసిన వాళ్లు ఇంకెవరూ లేరు. మేమూ నేయాలనుకోలేదు. మేము గీసింది నెమలిని. అది బాతు ఎలా అయిందో, దానివల్ల ఒక ఇంట్లో మగ్గం గుంట పూడ్చేసే దాకా ఎలా వచ్చిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నా పేరు సువార్త. చేనేత సొసైటీలో డిజైన్ గదిలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మానాన్నలు జడ్చర్ల పక్క ఊళ్లో కూలి పనికి పోయేవాళ్లు. మా ఇంట్లో జీతం అనే మాట నాతోనే మొదలైంది. ఇప్పుడు డిజైన్ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, ఆ పాత కంప్యూటర్ మీద గన్ని రోజులు ఎట్ల చేసిన్రు?" అని అడుగుతారు. కొందరికి అది వింత, కొందరికి ముచ్చట. నా మీద జాలిపడే వాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పను. కూర మాడిపోతుందని పెట్టేస్తాను. ఇదిగో, జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇంక్రిమెంట్లు, మెమోలు, సన్మానాలు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

డబ్బా

ఆ కంప్యూటర్ని మా సొసైటీలో అందరూ డబ్బా అనేవారు. హైదరాబాద్‌లో మూతపడిన ఒక బట్టల యూనిట్ నుంచి, అట్టలు పొడిచే యంత్రంతో కలిపి కొనుక్కొచ్చారు. అది వచ్చేనాటికే పాతది. తెలంగాణ వచ్చిన కొత్తలో పాలమూరు ఆఫీసులన్నింటిలో పలక లాంటి తెరలు వచ్చేశాయి. నా టేబుల్ మీద మాత్రం వెనకాల పెద్ద గూనితో, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని ఆ గాజు తెరే ఉండేది. మౌస్ లేదు. రంగులు పదహారు. ఇంటర్నెట్ అంటే దానికి ఏమిటో తెలియదు.

పని ఏమిటో కొంచెం చెప్పాలి. అంచు మీద బొమ్మ పడాలంటే మగ్గం పైన జకార్డ్ ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టల్ని దండలా కుట్టి దానికి వేలాడదీస్తారు. చిల్లు ఉన్నచోట పొడవునా సాగే పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అడ్డంగా పోయే ఒక్కో పేక దారానికి ఒక్కో అట్ట. ఆ చిల్లులు ఎక్కడెక్కడ పడాలో తెర మీద చుక్కలుగా గీయడం నా పని. నేను గీసింది యంత్రానికి వెళ్తే అది టకటకమని అట్టలు పొడిచేది. ఆ యంత్రం ఈ డబ్బా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. కొత్త కంప్యూటర్‌కు తగిలిద్దామంటే తగిలించే రంధ్రమే లేదు. డబ్బాను అన్నాళ్లు ఉంచుకోవడానికి మొదటి కారణం ఇదే. ప్రేమ తర్వాత పుట్టింది.

మగ్గం మీద అంచు నేతగత్తె ముందు నుంచి నిలువుగా సాగిపోతుంది. చీర కట్టుకున్నాక ఆ అంచు అడ్డంగా వస్తుంది. అందుకని తెర మీద చిలకనైనా గోపురాన్నైనా పక్కకు పడుకోబెట్టి గీయాలి. గీసింది ఎలా వచ్చిందో చూడాలంటే మనమే తల వంచి చూడాలి. ఉద్యోగమంతా అలా చూసి చూసి నా మెడ ఎడమకు ఒరిగిపోయింది. చర్చిలో పాస్టర్ గారు చాలాకాలం నేను ఆయన ప్రసంగాన్ని అనుమానిస్తున్నానని అనుకున్నారట.

దసరా నాడు జరిగింది

నాకు దొరికిన మంచి బాసు మా పాత మేనేజర్ సారు. ఆయన పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. మనిషి నెమ్మది, దైవభక్తి ఎక్కువ. దసరాకు ఊరంతా మగ్గాలకు పూజ చేసుకుంటుంటే డబ్బా ఒక్కటే బోసిగా ఉందని ఆయనకు మనసు ఒప్పలేదు. నేను సెలవులో ఉన్నాను. ఆయన స్నానం చేసి వచ్చి, తెరకు పసుపు రాసి, పెట్టెకు కుంకుమ బొట్లు పెట్టి, ఫ్లాపీ పెట్టే సందును నోరనుకుని అక్కడ మరి కాస్త ధారాళంగా కుంకుమ అద్దారు.

పండగ అయ్యాక వచ్చి ఫ్లాపీ పెడితే లోపల గరగరమని చప్పుడు. బయటకు తీస్తే దాని పొట్ట ఎర్రగా గీసుకుపోయి ఉంది. అందులో చిలకల అంచు ఉండేది. వేరే కాపీ లేదు. ఇంకోటి పెట్టి చూద్దామని పెట్టాను, అదీ పోయింది. అప్పుడు గానీ నా చెయ్యి ఆగలేదు.

నేను కోపంతో అరుస్తానని మా వాళ్లంతా బయట నిలబడ్డారు. నేను అరిచాను కూడా. సారు లోపలికి వచ్చి, "సువార్తమ్మా, తప్పు నాది. కమిటీకి నేనే చెప్త. నువ్వు ఏం రాయకు" అన్నారు. చెప్పారు కూడా, అందరి ముందు. తప్పు తనదని తనే నడిచివచ్చి చెప్పిన పై అధికారిని నా సర్వీసులో ఆయన్నొక్కణ్ణే చూశాను. తర్వాతి దసరాకు ఆయన బొట్టు టేబుల్ కాలికి పెట్టారు.

ఆ డబ్బాను బాగుచేయించడానికి పాలమూరులో ఖాజా భాయ్ దగ్గరికి పోయేదాన్ని. టీవీల రిపేరు దుకాణం ఆయనది. గాజు తెర విప్పే ధైర్యం ఉన్న మనిషి జిల్లాలో ఆయనొక్కడే మిగిలాడు. "అమ్మా, దీని కరెంటు బంద్ చేసినంక గూడ లోపల కోపం పోదు. జర దూరం నిలబడు" అనేవాడు. ఆ మాట మా ఆయనకు కూడా సరిపోతుందని చెప్తే చాలాసేపు నవ్వాడు. ఎక్కడెక్కడి తుక్కు దుకాణాల్లోనో వెతికి పాత భాగాలు తెచ్చేవాడు. చివరి రోజుల్లో లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, పొద్దున లేస్తే డబ్బాకు తన సంగతి తనకే గుర్తుండేది కాదు. తేదీ చెప్పాలి, లోపల ఏ డిస్క్ ఉందో చెప్పాలి. రోజూ అవే అంకెలు కొట్టేదాన్ని. ముసలివాళ్లతో పొద్దున్నే పలకరింపులు ఉంటాయి కదా, అలా అనుకునేదాన్ని.

హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు చీరలు కొనడానికి వచ్చి దాన్ని చూసి ఫోటోలు దిగేవారు. ఒకబ్బాయి, "ఆంటీ, దీన్ని అమ్ముతారా? మా ఆఫీసులో షోకేసులో పెట్టుకుంటాం" అన్నాడు. "పెట్టుకో నాయనా, మరి రేపటి నుంచి నేను నీ ఫోన్ మీద గీయాల్నా?" అన్నాను. పాపం, నిజంగానే ఫోన్ నా చేతిలో పెట్టి ఎలా గీయొచ్చో చూపించాడు.

కొత్త కంప్యూటర్, మొరం కుప్ప

నారాయణపేట జిల్లా అయ్యాక మా సొసైటీకి కొత్త చైర్మన్ వచ్చాడు. శంకరయ్య గారు. నేత ఇంట్లో పుట్టిన మనిషే. వచ్చిన రోజే నా గదిలోకి వచ్చి డబ్బాను చుట్టూ తిరిగి చూశాడు. "సువార్తమ్మా, నీ తర్వాత దీన్ని ఎవరు నడుపుతరు? నువ్వు రిటైరైతే దీన్ని గూడ నీతోనే పంపాల్నా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అడిగింది న్యాయమే.

కొత్త కంప్యూటర్ వచ్చింది, దానితో పాటు స్రవంతి వచ్చింది. కల్వకుర్తి పిల్ల. వాళ్ల నాయిన పత్తి రైతు. హైదరాబాద్‌లో బట్టల డిజైన్ చదివింది. తెలివైనది, మాట మెత్తన, చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. వెడల్పాటి తెర మీద లక్షల రంగులు చూపించి, "మేడం, మీరు గీయండి, మిగతాది నేను చూసుకుంట" అంది. కొత్త ఏర్పాటు ఏమిటంటే, డిజైన్ ఇక్కడ గీసి ఇంటర్నెట్లో హైదరాబాద్ పంపుతాం. అక్కడ అట్టలు పొడిచి బస్సులో వేస్తారు. డబ్బాకూ దాని యంత్రానికీ పాత దుప్పటి కప్పాం.

అదే సమయంలో బాలమణి వచ్చింది. ఆమె మా సొసైటీకి అంచు చీరలు నేసేది. చెయ్యి చాలా నికార్సయినది. మొగుడు లారీ మీద పోయి ఎప్పుడో వస్తాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె చెల్లెలు జడ్చర్లలో మాత్రల కంపెనీలో పనిచేస్తుంది. అక్కకు కూడా అక్కడ పని మాట్లాడింది.

"కిరాయికి అర్ర గూడ చూసింది అక్కా మా చెల్లె" అంది బాలమణి. "పవర్లూం వాళ్లు మన గోపురం అంచు, మన గళ్లు అన్నీ దించేస్తున్నరు. నేనేం నేసినా షాపోడు పక్కకు పెడుతుండు. ఇంటి ముంగట మొరం పోయించిన. పోయే ముందు గుంట పూడిపిస్త."

ఆమెది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, కాళ్లు అందులో పెట్టి కూర్చుని నేసేది. మగ్గం విప్పేస్తే గుంట పూడ్చి నేల చదును చేయాలి, లేకపోతే ఆ ఇంట్లో కిరాయికి ఎవరూ దిగరు. అందుకే ట్రాక్టర్ నిండా మొరం, అంటే ఎర్ర గరుసు మట్టి, తెప్పించి వాకిట్లో కుప్ప పోయించింది. గుంట ఒకసారి పూడిస్తే మళ్లీ తవ్వుకుని మగ్గం పెట్టిన వాళ్లను నేను చూడలేదు.

"ఒక్క కొత్త అంచు ఇయ్యి అక్కా" అంది. "షాపుల నిలబడేది. అది నడిస్తె ఉంట. లేకుంటె మొరం వచ్చే ఉంది."

హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపు నెమలి అంచు అడుగుతోంది. మొదట ఒక్క చీర నమూనాగా చూస్తాం, బాగుంటే బతుకమ్మ పండక్కి మొత్తం ఆర్డర్ ఇస్తాం అన్నారు. ఆ నెమలిని నేను కొత్త తెర మీద గీశాను. నిజం చెప్పాలంటే నా చేతి కింద అంత అందమైన నెమలి ఎన్నడూ పడలేదు. సన్నటి మెడ, వెనక్కి తిరిగిన తల, నేలకు ఆనని తోక. స్రవంతి చూసి చప్పట్లు కొట్టింది. శంకరయ్య గారు తల ఎడమకు వంచి చూసి, "ఇగ డబ్బా అక్కర్లేదు" అన్నాడు. ఆయన అన్నందుకు కాదు, నాకూ అలాగే అనిపించినందుకు కొంచెం బాధ కలిగింది.

బాతు

హైదరాబాద్ నుంచి వచ్చిన అట్టలతో నేసి, బాలమణి చీరను మగ్గం మీంచి దించి తెచ్చింది. ఆఫీసులో బల్ల మీద పరిచాం. అందరం బల్ల మీదికి వంగి చూశాం.

చివరికి శంకరయ్య గారే, "గిదేం పక్షి?" అన్నాడు.

పొట్ట లావుగా ఉంది. మెడ పొట్టిగా, మందంగా ఉంది. తోక ఒక ఉబ్బెత్తు ముద్ద. ఏ వైపు నుంచి చూసినా చెరువు గట్టున నడిచే బాతే. అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ పోతున్నాయి.

"బాలమణీ, మొదటి జానెడు నేసినప్పుడే కనబడలేదా?" అన్నాను.

"కనబడ్డది అక్కా. లావుగనే కనబడ్డది" అంది ఆమె. "మగ్గం మీద బట్ట గుంజి ఉంటది కదా. ఏ పువ్వైనా ఆడ జర సాగినట్టే ఉంటది, దించినంక సర్దుకుంటది. గిదీ గట్లనే అనుకున్న. అట్టలు నువ్వు గీసినవి, ఇగ ఫికర్ ఎందుకని నేసుకుంట పోయిన."

ఆమె తిట్టినా నేను అంత బాధపడేదాన్ని కాదు. నేత తెలిసిన వాళ్లే చేయగల పొరపాటు అది. తెలియని మనిషైతే మొదటి పక్షికే ఆపేసి అడిగేది. ఆమెకు బట్ట గుణం తెలుసు, నా మీద నమ్మకం ఉంది. ఆ రెండూ కలిసి చీర చివరిదాకా బాతులు నేయించాయి.

షాపువాళ్లు ఫోటో చూసి, పండగ సరుకు సర్దుకునే లోపు సరైనది తేగలిగితే తెండి, లేకపోతే మేం వేరే చోట చూసుకుంటాం అన్నారు. బాలమణి మగ్గం మీద ఇంకొక్క చీరకు సరిపడా పడుగు మిగిలి ఉంది. "అది అయిపోయినంక కొత్త పడుగు ఎయ్యను అక్కా. గుంట పూడిపిస్త" అని చెప్పి వెళ్లిపోయింది. కోపంగా చెప్పలేదు. నిర్ణయం అయిపోయిన మనిషి గొంతు.

శంకరయ్య గారికి ఎవరో ఒకరిని తిట్టాలి. స్రవంతి వైపు తిరిగాడు. "హైదరాబాద్ల గిదేనా నేర్పింది?" అని మొదలుపెట్టాడు. "నెమలి గీసింది నేను సారూ. ఆ పిల్లను అనకండి" అన్నాను. ఆ పూటకు ఊరుకున్నాడు.

రెండు తెరలు

తప్పు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. తెర మీద నెమలే ఉంది. హైదరాబాద్ వాళ్లు అట్టలు తప్పు పొడిచారేమోనని స్రవంతి ఒక్కో అట్టా డిజైన్‌తో సరిచూసింది. చిల్లు కూడా తేడా లేదు. నాకు ఏం చేయాలో తోచక, తోచనప్పుడు చేసే పనే చేశాను. దుప్పటి తీసి డబ్బా ముందు కూర్చున్నాను. తేదీ చెప్పి, డిస్క్ సంగతి గుర్తుచేసి, కొత్త నెమలిని కాగితం మీద ప్రింటు తీసుకుని, చూసి చుక్కకు చుక్క అందులో దించడం మొదలుపెట్టాను. బాణం కీలతో అది మెల్లగా సాగే పని. మెడా పొట్టా పూర్తయ్యేసరికే నా చేతులు ఆగిపోయాయి.

"స్రవంతీ, ఇటు రా బిడ్డా" అన్నాను.

డబ్బా తెర మీద బాతు ఉంది. అదే లావు పొట్ట, అదే పొట్టి మెడ. పక్కనే వెడల్పాటి తెర మీద అవే చుక్కలతో నెమలి.

స్రవంతి కాసేపు ఈ తెరనూ ఆ తెరనూ మార్చి మార్చి చూసింది. తర్వాత స్కేలు తీసి కొత్త తెర మీద పెట్టి, అడ్డం ఎన్ని చుక్కలో నిలువు అన్నే చుక్కలు కొలిచింది. రెండూ సమానం. అదే కొలత డబ్బా గాజు మీద కొలిచింది. చీర తెచ్చి అంచు మీద కొలిచింది.

"మేడం, గీ పాత తెర మీద చుక్క చదరం కాదు" అంది మెల్లగా. "అడ్డం కంటె నిలువు జర ఎక్కువుంది. మన పట్టు అంచుల గూడ గంతే. పడుగు దారాలు దగ్గర దగ్గర ఉంటయి, పేక దూరం పడుతది. రెండు దాదాపు ఒక్కటే లెక్క. నెమలిని పడుకోబెట్టి గీస్తం కదా, నిలువు సాగితె అది లావైతది."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆ తెర ఏ దేశంలో ఎవరు చేశారో, వాళ్లకు నారాయణపేట అంచు సంగతి ఏం తెలుసు? ఏదో వేరే కారణంతో చుక్కను అలా పొడుగ్గా చేశారు. అది మా అంచుకు సరిపోయింది. నేను పని నేర్చుకున్నది ఆ తెర మీదే కాబట్టి దాని మీద కంటికి నచ్చేలా గీస్తే చాలు, మగ్గం మీద అలాగే దిగేది. అది నా కంటి నేర్పు అనుకున్నాను. అన్నేళ్లు తెర మీద గీస్తున్నాననుకుంటూ నిజానికి బట్ట మీదే గీశాను.

"మాకు క్లాసుల చెప్పిన్రు మేడం, దారాల లెక్క పెట్టుకోవాలని" అంది స్రవంతి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "కొత్త ప్రోగ్రాంల దానికొక జాగా ఉంది. మీరు గీస్తున్నరు కదా, అది మీ మనసుల ఉండే ఉంటదని నేను ముట్టలే."

"నా మనసులో ఏం లేదు బిడ్డా, అంతా ఈ డబ్బాలోనే ఉంది" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు రాకపోతే ఏడ్చేవాళ్లం.

కొత్త ప్రోగ్రాంలో దారాల లెక్క సరిచేయగానే అక్కడా నెమలి బాతయిపోయింది. ఇక దాన్ని మళ్లీ నెమలిని చేయాలి. మధ్యలో కొన్ని వరుసలు తీసేస్తే సన్నబడుతుంది కదా అని స్రవంతి తీసి చూసింది. నెమలి కన్ను పోయింది, ముక్కు రెండుగా చీలింది. మెషీన్‌కు ఏ చుక్క కన్నో, ఏ చుక్క పొట్టో తెలియదు. మనమే మళ్లీ గీయాలి. హైదరాబాద్ పంపి అట్టలు తెప్పించుకునే వ్యవధి కూడా లేదు. డబ్బా మీదే గీద్దామన్నాను. స్రవంతి పక్కనే కూర్చుని తోక గీసింది. నా నెమలి తోక కంటే బాగుంది. ఆ మాట ఆమెకు అప్పుడే చెప్పాను.

అట్టలు పొడిచే యంత్రం చాలా రోజుల తర్వాత కదిలేసరికి మొదట కుయ్యో మొర్రో అంది. కుట్టుమిషన్ నూనె పోశాం. తర్వాత మాట విన్నది. అట్టలు దండ కుట్టుకుని ఇద్దరం బాలమణి ఇంటికి పట్టుకుపోయాం. వాకిట్లో మొరం కుప్ప అలాగే ఉంది. వాన పడి పైపొర గట్టిపడింది. పక్కనే ఎప్పుడూ ఉండే మురికి గుంటలో నీళ్లు నిలబడి ఉన్నాయి. బాలమణి అట్టలు తీసుకుని జకార్డ్‌కు ఎక్కించింది. మేం వచ్చేశాం.

కొత్త పిల్లలకు

ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఆ వీధికి పోలేదు. భయం. గదిలో స్రవంతికి పని చెప్తూ కూర్చున్నాను. అప్పుడు ఆ పిల్లకు చెప్పిన మాటలే మీకూ చెప్తాను.

పాత యంత్రమని పూజించకండి. పూజ ఫలితం నేను దసరాకే చూశాను. డబ్బాలో మహిమ ఏమీ లేదు. దాని మీద పని చేయడం కొన్నిసార్లు నరకం. పొరపాటున ఒక్క కీ తప్పు నొక్కితే మధ్యాహ్నమంతా చేసింది పోతుంది. వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అందువల్ల చెయ్యి జాగ్రత్తపడుతుందని కొందరు గొప్పగా చెప్తారు. నాకైతే చెయ్యి జాగ్రత్తపడింది గానీ రక్తపోటు కూడా పెరిగింది. పదహారు రంగులే ఉంటే మంచిదంటారు. మా చీర అంచులో ఉండేదే మూడు నాలుగు రంగులు కాబట్టి మాకు సరిపోయింది. మీ పనికి సరిపోకపోతే దాన్ని పట్టుకుని వేలాడకండి.

కానీ పాతది తీసేసే ముందు అది మీకు తెలియకుండా మీ కోసం ఏం చేస్తోందో కనుక్కోండి. మేం కనుక్కోలేదు. శంకరయ్య గారు డబ్బాలో పాతదనం చూశాడు. నేను నా అలవాటు చూసుకున్నాను. దాని చుక్క ఎంత పొడుగో ఎవరమూ చూడలేదు. స్కేలు ఉన్న పిల్ల వచ్చేదాకా తెలియలేదు. అందుకే నా తర్వాత వచ్చే వాళ్లు నాకంటే ఎక్కువ చదవాలని గట్టిగా కోరుకుంటాను. నాకు తెలిసింది నా చేతుల్లో ఉంది. చేతులు రిటైరైపోతాయి.

ఇంకొకటి. పని మీ చేతికి ఎవరి దగ్గర నుంచి వచ్చినా సరే, ఒకసారి మీ కళ్లతో చూడండి. పెద్దావిడ గీసింది కదా అని వదిలేయకండి. నన్ను కూడా అడగండి. అడిగితే నేను మొదట కసురుకుంటాను. పట్టించుకోకండి, తర్వాత చూస్తాను.

డబ్బా ఇప్పటికీ ఆ గదిలో ఉందని స్రవంతి చెప్పింది. కొత్త డిజైన్ ఏది గీసినా అట్టలు పొడిచే ముందు ఒకసారి ఆ గాజు తెర మీద దించి చూస్తుందట. అక్కర్లేదు నిజానికి. కొత్త దానిలో లెక్క సరిగానే పెట్టింది. "ఎందుకు మరి?" అంటే, "మీరు పక్కన కూసున్నట్టుంటది మేడం" అంది. కూర మాడుతోందని పెట్టేశాను.

మొరం

అట్టలు ఇచ్చి వచ్చిన కొన్నాళ్లకు, ఇక ఆగలేక ఒక రోజు మధ్యాహ్నం బాలమణి ఇంటికి బయలుదేరాను. ఒక్కదాన్నే. స్రవంతిని రమ్మనలేదు. చూడకూడనిది చూడాల్సి వస్తే ఆ పిల్ల తట్టుకోలేదనిపించింది.

వీధి మలుపు తిరగ్గానే చూశాను. మొరం కుప్ప లేదు.

అక్కడే నిలబడిపోయాను. ఆ వీధిలో మరికొన్ని మగ్గాలు ఆడుతున్నాయి. ఏ చప్పుడు ఎవరి ఇంటిదో బయటి నుంచి తెలియదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పూడ్చేసింది అనుకున్నాను. ఆలస్యం చేశాం అనుకున్నాను. ముందే దుప్పటి తీసి ఉంటే, ముందే ఒక్కసారి ఆ తెర మీద దించి చూసి ఉంటే అని ఏవేవో అనుకున్నాను. జడ్చర్లలో కిరాయి అర్రలో ఆ ఇద్దరు పిల్లలు ఎలా సర్దుకుంటారో అనుకున్నాను. వెనక్కి పోదామనుకున్నాను గానీ ఆమె ముఖం చూడకుండా పోవడం పద్ధతి కాదని వాకిట్లో అడుగుపెట్టాను.

కాలి కింద గట్టిగా తగిలింది. వంగి చూశాను. మురికి గుంట లేదు. నీళ్లు నిలబడే చోటంతా ఎర్రటి మొరం. గడప దాకా చదునుగా దిమ్మిస కొట్టి ఉంది.

"ఎవరు?" అని లోపలి నుంచి గొంతు. తర్వాత, "అక్కా, ఆగినవేంది? మంచిగ రా, ఇప్పుడు బురద లేదు. మొరం అంత వాకిట్ల పరిపించిన."

తలుపు తోశాను. బాలమణి మోకాళ్ల దాకా గుంటలోనే ఉంది. చేతిలో తెగిన దారం ముడి వేస్తోంది. మగ్గం వెనక కొత్త పడుగు. నమూనా చీర ఎప్పుడో నేరుగా షాపుకే పోయిందట, వాళ్లు పండగ ఆర్డర్ ఇచ్చారట. నాకు చెప్పాలని చిన్నదాన్ని రెండుసార్లు పంపిందట. ఆ పిల్ల దారిలో ఆడుకుని, చెప్పానని వచ్చి చెప్పిందట.

"దించినంక చూస్తవా, ఇప్పుడే చూస్తవా?" అంది. ముఖంలో నవ్వు ఆపుకుంటోంది.

నేను మగ్గం పక్కన నిలబడి, అలవాటుగా తల ఎడమకు వంచాను. ఆకుపచ్చ చీర ఒంటి పక్కన, మెరూన్ అంచు మీద, సన్నటి మెడ వెనక్కి తిప్పి నెమలి నిలబడి ఉంది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి, చుట్టలోకి వెళ్లిపోయేదాకా. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

"మెడ పట్టేస్తది, కూసో అక్కా" అని బాలమణి తన పక్కన చాప జరిపింది.